బెంచీ కింద సొరుగులు పెట్టబోతున్న మా అమ్మాయికి

తల్లీ,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు రెండూ చూశాను. వడ్రంగి పనికి నువ్వు చేసుకున్న బెంచీ బాగా కుదిరింది. కాళ్ళు నిటారుగా ఉన్నాయి, కింది అడ్డకర్రలు కాళ్ళలోకి బిగువుగా దిగాయి. బెంచీ కింద అంత ఖాళీ వృథాగా పోతోందని, ఈ ఆదివారమే ప్లైవుడ్ తెచ్చి సొరుగులు చేసేస్తానని రాశావు. ఒక్క వారం ఆగమ్మా. చెయ్యొద్దని కాదు, తప్పకుండా చెయ్యాల్సిన పనే. ఉలి కోసం ప్రతిసారీ లేచి అలమర దాకా నడిచే మనిషికి పని మీద ధ్యాస నిలవదు. కానీ బెంచీ ముందు చెక్కని పట్టి ఉంచే సాధనం, ఆ తర్వాతే సామాను పెట్టుకునే చోటు. ఈ వరస నేను ఒకసారి తప్పాను.

నా మొదటి బెంచీ కింద ఖాళీ అంతా నింపేశాను. నేల నుంచి బల్ల అడుగు దాకా సొరుగుల పెట్టె. చూడ్డానికి చాలా ముచ్చటగా ఉండేది. మూడో రోజు ఒక పలకని బల్ల మీద నొక్కి పట్టడానికి హోల్డ్‌ఫాస్ట్ (బల్ల బెజ్జంలోకి దించే ఇనప కొక్కెం) దించబోతే, దాని కడ్డీ సగం కూడా దిగకముందే కింద పెట్టె పైపలకకి తగిలి ఆగిపోయింది. సరేనని క్లాంప్ తీసుకుంటే, దాని కింది దవడ పట్టడానికి బల్ల అడుగున వేలెడు సందు లేదు. ఏ పనైనా బల్ల అంచు మీదే చేసుకోవాల్సి వచ్చింది. రెండు నెలలు అలాగే నెట్టుకొచ్చి, చివరికి పెట్టె మొత్తం విప్పి ఎత్తు తగ్గించాను. సొరుగులన్నీ మళ్ళీ చేశాను. మంచి ప్లైవుడ్ పాడైంది. ఆ బాధ నీకు వద్దు.

అందుకని మొదట చూడాల్సింది బల్ల అడుగుకీ పెట్టె పైభాగానికీ మధ్య ఎంత ఖాళీ వదలాలన్నది. దీన్ని ఊహించి వదలకు, కొలిచి వదులు. నీ బల్లకి వేసిన బెజ్జాలు ముప్పావు అంగుళంవి, అంటే 19 మిల్లీమీటర్లవి. ఒక సన్నటి పలకని బల్ల మీద పెట్టి హోల్డ్‌ఫాస్ట్‌ని బిగించు. అడుగున కడ్డీ ఎంత వేలాడుతోందో కొలువు. దానికి ఇంకో రెండు వేళ్ళ మందం కలుపు. తర్వాత నీ దగ్గరున్న పెద్ద క్లాంప్‌ని బల్ల అంచుకి వేసి, పిడి కింది వైపు ఉండేలా బిగించి చూడు. పిడి తిప్పడానికి చెయ్యి ఆడాలి కదా, ఆ చోటు కూడా లెక్కలోకి రావాలి. చాలా బెంచీలకి ఆరు అంగుళాలు సరిపోతాయి. నీ పనిముట్లకి ఎనిమిది కావాలంటే ఎనిమిదే వదులు. ఒక సొరుగు తగ్గినా నష్టం లేదు.

ఆ ఖాళీలోకి చిత్రిక పొట్టు చేరుతుంది, తప్పదు. చెయ్యీ, చిన్న చీపురూ దూరేంత సందు ఉంటే ఊడ్చేయొచ్చు. రెండంగుళాలే వదిలితే అక్కడ పేరుకున్న పొట్టు ఎప్పటికీ బయటికి రాదు. పెట్టెకి పైపలక మాత్రం తప్పకుండా వెయ్యి. కొందరు ఎలాగూ బల్ల ఉంది కదా అని పైన తెరిచి వదిలేస్తారు, అప్పుడు బెజ్జాల్లోంచి రాలే పొట్టంతా నేరుగా పై సొరుగులో పడుతుంది. పైపలక ఉంటే పని మధ్యలో చిన్న చిత్రికనో మూలమట్టాన్నో పక్కన పెట్టుకోవడానికి అది గూడులా కూడా పనికొస్తుంది.

ఇక వైస్, అదే స్క్రూ తిప్పి చెక్కని దవడల మధ్య బిగించే పట్టు, దాని సంగతి. ఫొటోలో ముందు వైపు ఎడమ మూల ఉంది. దాన్ని పూర్తిగా మూసి, స్క్రూ, పక్క కడ్డీలు బల్ల కింద ఎంత లోపలికి వస్తున్నాయో చూడు. తెరిచి ఉన్నప్పుడు కొలిస్తే మోసపోతావు. అవి వచ్చే చోట పెట్టె ఇంకా దిగువన ఉండాలి, లేదా పెట్టె ఆ వైపు కాస్త ముందే ఆగిపోవాలి.

ఇక బెంచీ ముఖం. నువ్వు ముందు కాళ్ళని బల్ల అంచుతో సమంగా పెట్టావు. అది ఊరికే అందం కోసం పెట్టేది కాదు. పొడుగు పలకని నిలబెట్టి దాని అంచు చిత్రిక పట్టాలంటే, ఒక కొస వైస్‌లో, రెండో కొస కాలికి ఆనించి క్లాంప్ వేస్తాం. సొరుగుల ముందు పలకలు కాళ్ళ కంటే బయటికి వచ్చాయంటే పలక కాలికి ఆనదు. గుండ్రటి పిడులు పెట్టినా అదే ఇబ్బంది, పైగా అవి తొడల్ని గుద్దుతాయి, బట్టలకి తగులుకుంటాయి. పెట్టెని కాళ్ళ ముఖం నుంచి అంగుళమో అంగుళంన్నరో వెనక్కి జరిపి కూర్చోబెట్టు. పిడుల బదులు ముందు పలకలో నాలుగు వేళ్ళు పట్టేంత గాడి తొలువు. దాన్ని పలక దిగువ అంచున తొలిస్తే పొట్టు లోపలికి పోదు. అడుగున నేలకీ అడ్డకర్రలకీ మధ్య ఉన్న ఖాళీని అలాగే వదిలెయ్యి. చిత్రిక పట్టేటప్పుడు ముందు కాలి బొటనవేళ్ళు అక్కడికే వెళ్తాయి. ఆ చోటు మూసేస్తే నడుం వంచి పని చెయ్యాల్సి వస్తుంది, సాయంత్రానికి వెన్ను నొప్పెడుతుంది.

పెట్టెని బెంచీతో కలిపి జిగురు పెట్టకు. విడి పెట్టెగా చేసి అడ్డకర్రల మీద కూర్చోబెట్టి, కింది నుంచి రెండు మూడు స్క్రూలు వెయ్యి, చాలు. నీ బల్ల నిండు చెక్కది కాబట్టి గాలిలో తేమని బట్టి అడ్డంగా పెరుగుతుంది, తగ్గుతుంది. ప్లైవుడ్ అలా కదలదు. రెండిటినీ గట్టిగా కట్టేస్తే ఏదో ఒకటి పగలాలి. విడి పెట్టె అయితే బెంచీని ఇంకో గదికి మార్చాలన్నా సులువు. పనిముట్లు నిండిన పెట్టె బరువు కింద ఉంటే, గట్టిగా చిత్రిక తోసినప్పుడు బెంచీ జరగడం కూడా బాగా తగ్గుతుంది. సొరుగులు పెట్టడంలో నాకు అన్నిటికంటే నచ్చే లాభం ఇదే.

పెట్టెకి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడు. అయితే 18 అని అమ్మే పలక చాలాసార్లు అర మిల్లీమీటరో ఇంకాస్తో తక్కువే ఉంటుంది. గాడి వేసే ముందు నీ పలకనే కొలువు. వెనక పలకని మానెయ్యకు, పెట్టె పక్కకి ఒరగకుండా పట్టి ఉంచేది అదే. జిగురు ఆరకముందే రెండు మూలల కొలతలూ చూడు. ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి రెండూ సమానంగా వస్తేనే పెట్టె మట్టంగా ఉన్నట్టు. రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా సొరుగులు ఆ తప్పుని రోజూ చూపిస్తాయి.

నీ కాళ్ళ మధ్య దూరం నాలుగు అడుగులు అన్నావు. ఆ వెడల్పంతా ఒకే సొరుగు చెయ్యకు. వెడల్పు ఎక్కువ, ముందు నుంచి వెనక్కి పొడవు తక్కువ ఉన్న సొరుగుని ఒక పక్క నుంచి లాగితే అది వంకరగా తిరిగి ఇరుక్కుంటుంది. మధ్యలో నిలువు పలక వేసి రెండు వరుసలు చెయ్యి.

సొరుగుల ఎత్తు దగ్గర చాలామంది పొరపాటు పడతారు, దీని గురించి నిదానంగా చదువు. సామాను చాలా ఉంది కదా అని లోతైన సొరుగులు చేస్తారు. నెల తిరిగేసరికి ఉలుల మీద రంపం, రంపం మీద డ్రిల్లు బిట్లు, అన్నిటి అడుగున కావలసిన వస్తువు. పదును పెట్టిన ఉలి అంచు ఇంకో ఇనుముకి తగిలితే చిప్ లేస్తుంది, గంటసేపు చేసిన నూరుడు వృథా అవుతుంది. సొరుగులో వస్తువులు ఒకదాని మీద ఒకటి ఉండకూడదు, అన్నీ ఒక్క చూపులో కనపడాలి. అందుకని నీ పనిముట్లన్నీ నేల మీద పరిచి, ఎత్తుని బట్టి గుంపులు చెయ్యి. ఉలులు, మూలమట్టాలు, గీత గీసే సామాను, పెన్సిళ్ళు ఇవన్నీ లోపలి ఎత్తు రెండున్నర అంగుళాలుంటే చాలు. ఇలాంటివి పైన రెండు పెట్టు. సుత్తులు, డ్రిల్లు బిట్ల డబ్బాలకి నాలుగు. చిత్రికలు అన్నిటికంటే కింద. నీ పెద్ద చిత్రికని నిలబెట్టి పిడి పైదాకా కొలిచి, ఒక అంగుళం కలుపు. చిత్రిక ముందు కొస కింద సన్నటి బద్ద అంటిస్తే బ్లేడు సొరుగు అడుగుకి ఆనదు.

ఉలులకి ఊరికే గుడ్డ పరిస్తే చాలదు. బల్ల మీద కొయ్యసుత్తితో గట్టిగా కొడుతుంటే కింద సొరుగులో ఉన్నవన్నీ మెల్లగా జరుగుతాయి, దొర్లుతాయి. ఒక్కో ఉలికి ఒక్కో గాడి ఉన్న చెక్క పలక చేసి పెట్టు, అంచులు నీ చేతికి ఎదురుగా కాకుండా వెనక్కి ఉండాలి. మందపాటి ఉన్ని గుడ్డ మెత్తగా ఉంటుంది గానీ తేమని పట్టి ఉంచుతుంది, ఉలి తుప్పు పడుతుంది. పరచాలనుకుంటే కార్క్ పలక నయం. ఉలులకి పలచగా నూనె రాసి పెట్టు. ఇంకో మాట, తొలిచే పని ఎప్పుడూ బెంచీ కాలి మీద పడేలా చెయ్యి. బల్ల మధ్యలో కొడితే బల్ల ఎగురుతుంది, దెబ్బ బలం చెక్కలోకి పోదు, సొరుగులూ గడగడలాడతాయి.

సొరుగులు జారడానికి పక్కల ఇనప ఛానళ్ళా, చెక్క బద్దలా అని అడిగావు. రెండూ వాడాను. చప్పుడు లేకుండా పూర్తిగా బయటికి వచ్చే బాల్ బేరింగ్ ఛానల్ బరువు సొరుగులకి మంచిది. మామూలుగా దొరికే 45 మిల్లీమీటర్ల ఎత్తు రకం సుమారు 35 నుంచి 45 కిలోల దాకా మోస్తుంది. ఒక్కో పక్కకి అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు తీసుకుంటుంది. కాబట్టి సొరుగు బయటి వెడల్పు, పెట్టె లోపలి ఖాళీ కంటే 26 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. అర మిల్లీమీటరు వదులైతే ఛానల్ వెనక అట్టముక్క పెట్టి సరిచెయ్యొచ్చు. బిగువైతే మాత్రం సొరుగు విప్పి మళ్ళీ కొయ్యాల్సిందే. ఛానళ్ళతో వచ్చే చిక్కు దుమ్ము. జిడ్డు మీద రంపపు పొట్టు అంటుకుని బేరింగులు మొరాయిస్తాయి. అప్పుడప్పుడు బ్రష్‌తో తుడవాలి, ఇంకా జిడ్డు పొయ్యకూడదు.

చెక్క బద్దలకి ఆ గోల లేదు. పెట్టె గోడకి గట్టి చెక్క బద్ద, సొరుగు పక్క పలకలో దానికి సరిపడే గాడి. ఆరేడు మిల్లీమీటర్ల లోతు గాడి పడాలి కాబట్టి పక్క పలక 15 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండకూడదు. గాడి బద్ద కంటే ఒక మిల్లీమీటరు వెడల్పు ఉండాలి, లేకపోతే తేమ పెరిగినప్పుడు పట్టేస్తుంది. తెల్ల కొవ్వొత్తితో రుద్దితే జారుతూ వెళ్తుంది. అయితే మూడో వంతు లోపలే ఉండిపోతుంది, ఇంకా లాగితే సొరుగు ముందుకి వాలుతుంది. నా ఇష్టం అడిగితే పై రెండు పలుచటి సొరుగులకి చెక్క బద్దలు, చిత్రికల సొరుగుకి ఛానల్.

ఛానళ్ళు బిగించేటప్పుడు గీతల్ని నమ్ముకోకు. ఒక ప్లైవుడ్ ముక్కని పై ఛానల్ ఎత్తుకి కోసి, పెట్టె అడుగున నిలబెట్టి, దాని మీద ఛానల్ ఆనించి స్క్రూలు వెయ్యి. అదే ముక్కని రెండో పక్క పెట్టి రెండో ఛానల్ బిగించు. తర్వాత ఆ ముక్కనే కింది సొరుగు ఎత్తుకి కురచగా కోసి మళ్ళీ అలాగే చెయ్యి. రెండు పక్కలా ఎత్తు తేడా రాదు. మొదట కోలగా ఉన్న బెజ్జాల్లోనే స్క్రూలు వేసి, సొరుగు సరిగ్గా నడిచాక గుండ్రటి వాటిలో వెయ్యి.

సొరుగుని మనం ఎప్పుడూ ముందుకే లాగుతాం కాబట్టి ముందు పలక ఊడకుండా ఉండాలి. డవ్‌టెయిల్, అంటే పావురం తోకలా విచ్చుకున్న పళ్ళు ఒకదానిలో ఒకటి దిగే జాయింట్, వేసే ఓపిక ఉంటే ముందు మూలలకి వెయ్యి, తోకలు పక్క పలకల్లో ఉండాలి. లేదంటే గాడి జాయింట్ వేసి జిగురు పెట్టి, పైన వేరే ముందు పలక లోపలి నుంచి స్క్రూలతో బిగించు. ఆ పలకని అన్నిటికన్నా చివర పెట్టు, చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు వచ్చేలా. అడుగు పలకని కింది నుంచి మేకులతో కొట్టకు, గాడిలో దించు. చిన్న సొరుగులకి 6 మిల్లీమీటర్లు చాలు, చిత్రికల సొరుగుకి 12.

సామాను నింపేటప్పుడు బరువైనవి కింద పెట్టు. రెండు బరువు సొరుగులు ఒకేసారి పూర్తిగా లాగకు, బెంచీ తేలికగా ఉంటే ముందుకి తూలుతుంది.

ఒక వారం ఆగమన్నది ఎందుకంటే, పాత అట్టపెట్టెల్ని కోసి నువ్వు అనుకున్న కొలతకి ఒక డమ్మీ పెట్టె చేసి బెంచీ కింద పెట్టు. ముందు పలకల గీతలు పెన్నుతో గియ్యి. అది అక్కడ ఉండగానే మామూలుగా పని చెయ్యి. ఏ పనిలో మోకాలు తగిలింది, ఏ క్లాంప్ ఇరుక్కుంది, ఏ వస్తువు కోసం ఎన్నిసార్లు వంగావు, అట్ట మీదే రాసిపెట్టు. వారం అయ్యాక ఆ అట్టకి ఫొటో తీసి పంపు. కొలతలు ఖాయం చేసుకుని, ఎనిమిదికి నాలుగు అడుగుల షీట్‌ని ఎలా కోస్తే తక్కువ ముక్కలు పోతాయో నేను గీసి పంపుతాను.

నీ పెదనాన్న