నాపాలో ఒక్క రోజుకి ఐదు వైనరీలు వద్దండీ, రెండు చాలు

ఫ్రీమాంట్ నుంచి పొద్దున బయల్దేరి కాలిఫోర్నియాలోని నాపా లోయలో ఐదు వైనరీలు (వైన్ తయారుచేసి రుచి చూపించే చోట్లు) తిరగాలని మీ బావగారి పట్టు, అత్తగారికేమో ఆ వాసనే పడదు, కారు ఎవరు నడపాలో తెలియక టెన్షన్ అన్నారు కదా. ముందు ఐదుని రెండు చేయండి. ఒక్కో రకం వైన్ 30 మిల్లీలీటర్లే పోస్తారు, నిజమే, కానీ ఐదు రకాలు రుచి చూస్తే ఒక నిండు గ్లాసు తాగినట్టే, అలా రెండు చోట్లయ్యాక స్టీరింగ్ పట్టుకోకూడదు. తాగనివాళ్లు నడపాలి, లేదా డ్రైవర్‌ని మాట్లాడుకోండి.

మొదటిది కాలిస్టోగా ఊరి దగ్గరి కాస్టెల్లో డి అమొరోసా వైనరీ పెట్టుకోండి. 107 గదుల రాతికోట, అత్తగారికి చూడటానికే బోలెడంత ఉంటుంది. టైమ్ ముందే బుక్ చేయండి, తాగనివాళ్లకు ద్రాక్షరసం ఇస్తారేమో అప్పుడే అడగండి.

మామగారు శాకాహారి అన్నారు కాబట్టి ఇంకో మాట. కొన్ని వైన్లను తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, చేపల నుంచి తీసిన పదార్థం వాడతారు. వీగన్ వైన్, అంటే జంతువుల నుంచి వచ్చినవేవీ వాడనిది, ఏదని అడిగితే చెప్తారు, మొహమాటపడకండి.

నచ్చనిది బల్ల మీదున్న బకెట్‌లో పారబోసేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పులిహోర కారులోనే ఉంచండి, ఖాళీ కడుపుతో మాత్రం ఎవర్నీ లోపలికి తీసుకెళ్లకండి.