ఇల్లు కట్టే ముందు గుంత తవ్వించు

చి. సుధాకర్‌కు మామ ఆశీస్సులు.

ఆదోని దగ్గర పది సెంట్ల జాగా తీసుకున్నావని, ముందు ఇల్లు, వెనక నాలుగు చెట్లు అనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం అల్లుడూ. ప్లాను గీయించే ముందు మాత్రం నేల చూడు. పైన నల్లగా ఉందని కిందంతా రేగడే అనుకోవద్దు. ఒకచోట మూడడుగుల రేగడి కింద సుద్ద, దాని కింద గరుసు (రాళ్లు కలిసిన గట్టి మట్టి) తగులుతుంది. పక్క జాగాలోనే పదడుగులు తవ్వినా నలుపు పోదు. అందుకే పక్కింటి బునాది లోతు నీకు లెక్కకు రాదు.

జేసీబీతో రెండు గుంతలు తీయించు. చెట్లు వచ్చే చోట నాలుగడుగులు చాలు. ఇంటి కోసం తీసేది పదడుగులు ఉండాలి, అది గోడల కిందికి రాకుండా కాస్త పక్కకు జరిపి తీయించు. తవ్వి పూడ్చిన మట్టి మళ్లీ మునుపటంత గట్టిపడదు. నడుము లోతు దాటాక ఎవరినీ లోపలికి దిగనివ్వద్దు, రేగడి గోడ ఉన్నట్టుండి విరిగి పడుతుంది. జేసీబీ తొట్టిలో పైకొచ్చిన మట్టినే అడుగుకొక కవరులో పోసి, లోతు రాసి పెట్టు.

ఇంటి వైపు మట్టి ఎంత ఉబ్బుతుందో ముందు తేల్చుకో. ఆరబెట్టి, దంచి, సన్నని జల్లెడ పట్టి, 100 మిల్లీలీటర్ల కొలజాడీలు రెండు తీసుకుని ఒక్కోదాంట్లో 10 గ్రాములు వేయి. ఒకదాన్ని కిరోసిన్‌తో, ఇంకోదాన్ని నీళ్లతో నింపి, గాలి బుడగలు పోయేలా పుల్లతో కలిపి 24 గంటలు కదపకుండా ఉంచు. కిరోసిన్‌లో బంకమన్ను ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. కిరోసిన్‌లో మట్టి 10 గీత దగ్గర, నీళ్లలో 15 దగ్గర నిలిస్తే ఉబ్బు 50 శాతం. 20 దగ్గర నిలిస్తే 100 శాతం. 50 దాటిందా, బేల్దారి మాట మీద బునాది వేయొద్దు. మట్టి పరీక్ష చేయించి ఇంజనీరు చేత డిజైను గీయించు.

"ఒక్క అంతస్తే కదా, బరువేముంది" అంటారు. రేగడిలో బరువు తక్కువున్న ఇల్లే ఎక్కువ చిట్లుతుంది. ఉబ్బిన మట్టి పైకి తోస్తే దాన్ని అణిచేంత బరువు ఒక్క అంతస్తుకు ఉండదు. పైగా ఇల్లు కప్పేసిన నడిమి భాగంలో తేమ అలాగే నిలిచిపోతుంది, గోడల చుట్టూ ఉన్న మట్టేమో వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. ఏటా ఇలా లేస్తూ దిగుతూ ఉంటే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా చీలికలు పడతాయి, వానాకాలంలో తలుపులు బిగుసుకుంటాయి.

మే నెలలో నెర్రెలోకి సన్నని ఇనుప కడ్డీ దింపి చూడు. అది దిగినంత మేరా నేల కదులుతున్నట్టే, బునాది అంతకంటే కిందికి పోవాలి. ఆరడుగుల్లోపు గరుసు గానీ బండ గానీ తగిలితే దాని మీదే కూర్చోబెట్టించు. తగలకపోతే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి దింపి అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు స్తంభాలు, వేయిస్తారు. కనీసం మూడున్నర మీటర్ల లోతుంటుంది, అడుగున ఉబ్బెత్తు గుండు కాండానికి రెండున్నర రెట్లు వెడల్పుంటుంది. వాటిని కలిపే బీము నేలకు ఆనకూడదు, కింద 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీని పూడ్చేశారంటే పెట్టిన ఖర్చంతా వృథా, మట్టి ఉబ్బి బీమునే ఎత్తేస్తుంది.

రేగడిలో బునాది పక్కలకు ఇసుక పోసి నీళ్లు కట్టడం పెద్ద పొరపాటు. ఆ ఇసుక తొట్టిలాగా నీళ్లు పట్టి ఉంచి, చుట్టూ ఉన్న బంకకు తాగిస్తుంది. ఆరంగుళాలకొక పొరగా గరుసు పోసి, తడిపి, దిమ్మిస కొట్టించు. గోడ చుట్టూ నాలుగైదడుగుల వెడల్పున బయటికి వాలేలా బండలు పరిపించు, మనకు బేతంచెర్ల బండలు దగ్గరే. వాన గొట్టాలు ఆ బండలు దాటి పడాలి. ఇంకుడు గుంత ఎక్కడ పెట్టాలో తేల్చడానికి అడుగు గుంట తీసి రెండుసార్లు నీళ్లు నింపు. గరుసైతే గంటలో ఇంకుతుంది, రేగడైతే తెల్లారినా ఉంటుంది. అలా నిలిచిన చోట సెప్టిక్ ట్యాంకు నీళ్లు కూడా ఇంకవు.

చౌడు ఉందేమో కూడా చూడు. ఎండిన మట్టిబెడ్డను గాజు గ్లాసులో వాననీళ్లలో కదపకుండా వేయి. బోరు నీళ్లలోని ఉప్పు ఫలితాన్ని మార్చేస్తుంది, వద్దు. బెడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే కారు చౌడు. అలా విడిపోయిన సన్నని బంక రంధ్రాల్లో కూరుకుని నీటిని దిగనివ్వదు. మన పెద్దలు మట్టి మిద్దెల మీద చౌడు పోసింది అందుకే. మిద్దెకు మంచి చేసిన ఆ గుణమే వేరుకు ఊపిరాడనివ్వదు. కారు చౌడుకు జిప్సం కలిపి, మంచినీళ్లు కట్టి, ఆ నీళ్లు బయటికి పోయే దారి చూపాలి, తర్వాత జీలుగ వేసి పూతకొచ్చినప్పుడు కలియదున్నాలి. పైన తెల్లగా ఉప్పు పేరుకునే పాల చౌడుకు జిప్సంతో పనిలేదు, మంచినీళ్లతో కడిగితే చాలు. ఎంత జిప్సం వేయాలో ప్రయోగశాల చెబుతుంది. పది చోట్ల ఆరంగుళాల లోతున వి ఆకారంలో తవ్వి, గోడ నుంచి మట్టి గీకి, అంతా కలిపి నీడన ఆరబెట్టి అరకిలో పంపు.

చెట్ల గుంతలో సుద్ద తగిలితే నిమ్మ, బత్తాయి వద్దు. మట్టి మీద నిమ్మరసం పిండితే బుసబుసా పొంగిందంటే సున్నం దండిగా ఉన్నట్టు. అక్కడ ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు, లేత ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యంతా పసుపుబారుతుంది. ఇనుము అందించే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) నేలలో పోస్తే సున్నం పట్టేస్తుంది. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకులు తడిసేలా కొట్టాలి, పదిరోజులకు మళ్లీ.

ఇంటికి కదలని తేమ కావాలి, చెట్టు తేమ పీలుస్తూనే ఉంటుంది. అందుకే చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో గోడకు అంత దూరం ఉండాలి. ఆ లెక్కన పది సెంట్లలో వేపకు చోటు లేదు. కరివేపాకు, దానిమ్మ, జామ వెనక ప్రహరీ వైపు పెట్టుకో. రేగడిలో నీళ్లు నిలవకుండా కట్ట మీద నాటు. పై తడి చూసి కాదు, నాలుగంగుళాల లోతు మట్టి వేళ్ల మధ్య ఉండ కట్టనప్పుడే నీళ్లు పెట్టు.

వానలు పట్టకముందే గుంతలు తీయించు. సుద్ద ఎన్నో అడుగులో మొదలైందో, జాడీలో గీత ఎక్కడ నిలిచిందో నాకు రాయి. ఇంజనీరుకు అడ్వాన్సు ఇచ్చేది ఆ తర్వాతే.

మీ మామ