ఇళ్ల అప్పుల మీద పీహెచ్‌డీకి వెళ్తున్న మా తమ్ముడి కూతురికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. హౌసింగ్ ఫైనాన్స్ తీసుకుంటున్నావని విని ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు అమెరికాలో ఆ పాఠమే చెప్పి రిటైరైనవాణ్ణి. మనింట్లో ఇంకొకరు ఆ దారి పడతారని ఏనాడూ అనుకోలేదు.

క్లాసులు మొదలయ్యేలోపు ఒక పని చెయ్యి. లక్ష డాలర్ల అప్పు, 6 శాతం వడ్డీ, 30 ఏళ్ల గడువు పెట్టుకుని కాగితం మీద లెక్క వెయ్యి. నెల వాయిదా 599 డాలర్ల 55 సెంట్లు వస్తుంది. మొదటి నెల అందులో 500 వడ్డీకే పోతుంది. పదేళ్లు ఒక్క నెలా తప్పకుండా కట్టినా ఇంకా 83,686 డాలర్ల దాకా బాకీ మిగిలే ఉంటుంది. కంప్యూటర్ క్షణంలో చెప్పేస్తుంది గానీ నువ్వే వెయ్యి. అప్పు చేసి ఇల్లు కొన్నవాళ్ల జీవితం ఎలా నడుస్తుందో ఆ కాగితంలో కనబడుతుంది.

అమెరికాలో ఎక్కువమంది తీసుకునే అప్పుకు ఆ వడ్డీ ముప్పై ఏళ్లూ కదలదు. బయట రేటు పడితే పాతది తీర్చేసి కొత్తది తెచ్చుకుంటారు, పెరిగితే పాతదాన్నే పట్టుకుని కూర్చుంటారు. 1938లో పుట్టిన ఫ్యానీ మే, 1970లో వచ్చిన ఫ్రెడ్డీ మాక్ అనే సంస్థలు ఆ అప్పుల్ని బ్యాంకుల దగ్గర కొని, బాండ్లుగా కట్టి అమ్మబట్టే బ్యాంకులు అంత వెసులుబాటు ఇవ్వగలిగాయి. సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబరులో 7.79కి ఎక్కింది. చవగ్గా అప్పు దొరికినవాళ్లు ఇల్లు మారాలని ఉన్నా కదల్లేదు. వాళ్లు అమ్మకపోతే కొనేవాళ్లకు ఇళ్లెక్కడివి?

మీ నాన్న అప్పు సంగతి వేరు. రేటు పెరిగినప్పుడల్లా ఈఎమ్‌ఐ అలాగే ఉంచి నెలలు పెంచారు, కావాలంటే అడుగు. వడ్డీ పెరగడం ఒకటే, కానీ అక్కడ అమ్మకాలు ఆగిపోయాయి, ఇక్కడ మీ నాన్న అప్పు ఆయన రిటైర్మెంటు దాటి సాగింది. అక్కడి మోడల్లో ఇక్కడి అంకెలు పోసి పేపర్లు రాసేవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు తల్లీ.

నా మొదటి పేపరు సంగతి చెబుతాను. ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడైతే ఆ రెండు ధరల తేడాతో ఇళ్ల ధరల సూచీ కట్టే పద్ధతి 1963 నుంచే ఉంది. కేస్, షిల్లర్ అనే ఆర్థికవేత్తలు 1980లలో అట్లాంటా, షికాగో, డాలస్, శాన్‌ఫ్రాన్సిస్కో ఇళ్ల అమ్మకాలతో దానికి పేరు తెచ్చారు. నేనూ ఒక కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) రికార్డులు తీసుకుని అదే చేశాను. సదస్సులో చదివాక వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, "వీటిలో పది డాలర్లకు అమ్మినవి ఎన్ని?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తండ్రి కొడుకు పేర రాసిచ్చినవి, విడాకుల్లో భార్యకు వదిలేసినవి కాగితం మీద పది డాలర్లకో ఒక డాలరుకో అమ్మినట్టే ఉంటాయి. అవన్నీ నా సూచీలోనే ఉన్నాయి. ఆ వేసవంతా కౌంటీ ఆఫీసులో కూర్చుని దస్తావేజులు ఒక్కొక్కటే చదివాను. పైన గది వేసి, వంటిల్లు మార్చి అమ్మినవి కూడా నా లెక్కలో ఊరికే ధర పెరిగినట్టు పడ్డాయని అప్పుడే తెలిసింది. పేపరు ఏడాదిన్నర ఆలస్యమైంది. నేను ఈ విద్య నేర్చుకున్నది మాత్రం ఆ మూడు నెలల్లోనే.

ఎప్పటికైనా హైదరాబాద్ మీదో విజయవాడ మీదో రాస్తావు. అక్కడ ఇంకా జాగ్రత్త. దస్తావేజులో విలువ చాలాసార్లు ప్రభుత్వ విలువ దగ్గరే ఆగిపోతుంది, మిగతాది నగదుగా చేతులు మారుతుంది. ప్రభుత్వం విలువలు సవరించిన నెలలో నీ గ్రాఫు ఎగురుతుంది. బజారులో గజం ధర అంగుళం కదిలి ఉండకపోవచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఒక దస్తావేజు లేఖరి పక్కన వారం రోజులు కూర్చో. అమ్మినవాళ్లతో, కొన్నవాళ్లతో మాట్లాడు.

ఉద్యోగం సంగతి. మన సబ్జెక్టువాళ్లు ఒకచోట ఫైనాన్స్ డిపార్ట్‌మెంటులో, ఇంకోచోట ఎకనామిక్స్‌లో ఉంటారు. చేరేముందే అడుగు: 'రియల్ ఎస్టేట్ ఎకనామిక్స్' లాంటి మన పరిశోధన పత్రికల్లో అచ్చయిన పేపర్లను టెన్యూర్‌కు, అంటే ఉద్యోగం పర్మనెంటు చెయ్యడానికి, లెక్కలోకి తీసుకుంటారా అని. చాలాచోట్ల గడువు ఆరేళ్లు, ఒక్కో పేపరు అచ్చవడానికే రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి మొదటి రెండేళ్లు వృథా చేసుకోకు.

బ్యాంకులు, బిల్డర్లు డేటా ఇస్తామని వస్తారు. అచ్చు వేసేముందు మా అనుమతి కావాలనే షరతుంటే సంతకం పెట్టకు, ఎంత మంచి డేటా అయినా సరే.

ఇంకొక్కటి, చెప్పడం కష్టంగానే ఉంది. దేశమంతటా ఇళ్ల ధరలు ఒకేసారి పడవని 2006లో క్లాసులో చెప్పాను. అప్పటిదాకా మేం చూసిన అంకెలు అలాగే చెప్పాయి. తర్వాత ధరలు దేశమంతటా పడ్డాయి, 2008 సెప్టెంబరులో ఫ్యానీ, ఫ్రెడ్డీలను ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. ఆ క్లాసులో కూర్చున్న కుర్రాడొకడు ఇల్లు పోగొట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఏ ధర గురించి చెప్పినా, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చూసి చెబుతున్నానో బోర్డు మీద ముందు రాసేవాణ్ణి.

ఆ లెక్క వేశాక ఫోటో తీసి పంపు. మీ నాన్న లోన్ స్టేట్‌మెంటు కూడా జత చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న