కాకుల రాత్రి బసను వెతకబోతున్న మనవడికి

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

రాజమండ్రిలో మీ డాబా మీదుగా సాయంత్రం గుంపులుగా వెళ్లే కాకులు రాత్రి ఎక్కడ నిద్రపోతాయో కనిపెట్టాలని ఉందని రాశావు. చదివి ఎంతో సంతోషించాను. ముందుగా చెప్పవలసింది, గూళ్ల కోసం వెతకవద్దు. పక్షులు గూటికి చేరే వేళ అని అలవాటుగా అంటాం గానీ, కాకికి గూడు గుడ్లు పొదిగి పిల్లలను సాకడానికే. తక్కిన కాలమంతా అవి వందల సంఖ్యలో ఒకే చోటి చెట్ల మీద, కొమ్మలను పట్టుకుని రాత్రి గడుపుతాయి.

గడియారాన్ని నమ్ముకోకు, పొద్దును చూసుకో. మీ ఊళ్లో డిసెంబరు మొదట్లో 5.30కి ముందే సూర్యుడు అస్తమిస్తే, జూన్ చివర 6.30 దాటుతుంది, కాకుల ప్రయాణమూ దానితోపాటే జరుగుతుంది. అస్తమయానికి ముప్పావు గంట ముందే డాబా ఎక్కి, అవి ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోతున్నాయో రాసుకుని, మరునాడు ఆ దారినే మరికొంత ముందుకు వెళ్లి నిలబడు. ఎదురుగాలి ఉన్న రోజున అవి ఇళ్ల కప్పులకు దగ్గరగా ఎగురుతాయి కనుక పదేసి చొప్పున లెక్కపెట్టడం తేలిక.

నీ వయసులో నేనొక పొరపాటు చేశాను. చెరువు గట్టు మీది వేపచెట్టు నిండా కాకులు వాలి గోల చేస్తుంటే, అదే వాటి బస అనుకుని ఇంటికి వచ్చేశాను. మరునాడు చీకటి పడేదాకా ఆగాను. ఉన్నట్టుండి అరుపులు సద్దుమణిగాయి, చెట్టు ఖాళీ అయింది, కాకులన్నీ అవతలి నిద్రగన్నేరు చెట్ల మీదికి చప్పుడు లేకుండా చేరుకున్నాయి. అందుచేత చివరి కాకి వాలేదాకా కదలకు. తెల్లవారాక ఆ చెట్ల కింద నేలంతా తెల్లని రెట్టలు కనిపిస్తే నీ లెక్క సరిపోయినట్టే.

రాత్రివేళ వాటి మీద టార్చి వేయకు. బెదిరి చీకట్లో లేచిన పక్షి దెబ్బ తింటుంది. వేసవిలో జంటలు గూళ్ల దగ్గరే ఉండిపోతాయి కనుక బసలో సంఖ్య తగ్గుతుంది, పైగా గూటి దగ్గరికి వెళితే నెత్తిన పొడుస్తాయి. కార్తీకంలో మొదలుపెట్టు. బూడిదరంగు మెడ ఉన్న ఊరకాకిని, ఒళ్లంతా నల్లగా, ముక్కు లావుగా ఉండే బొంతకాకిని వేర్వేరుగా లెక్కించు. తేదీ, అస్తమయం, చివరి కాకి దాటిన నిమిషం రోజూ రాసి, నెల నిండగానే ఆ పుస్తకం నాకు పంపు.

ఇట్లు,
తాతయ్య