డిష్‌వాషర్ మోతకు వెయ్యి రూపాయల్లో మందు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. డిష్‌వాషర్ కొని మూడేళ్లయింది. రాత్రి పనులన్నీ అయ్యాక వేస్తే ఆ మోతకు పక్క గదిలో అత్తయ్యగారికి నిద్ర పట్టడం లేదు. కొత్తది కొనే ఆలోచన లేదు. వెయ్యి రూపాయల్లో శబ్దం తగ్గించుకోవచ్చా?

జవాబు: తగ్గించుకోవచ్చు. చాలా ఇళ్లలో అంత ఖర్చు కూడా అవ్వదు. కాకపోతే ఏదైనా కొనే ముందు ఒక పూట మెషీన్ పక్కన కూర్చుని వినండి. బుట్టలు ఖాళీగా ఉంచి రిన్స్ ప్రోగ్రామ్ ఒకటి వేయండి. మోత పోయిందంటే తప్పు మెషీన్‌ది కాదు, గిన్నెలు సర్దిన తీరుది.

మా ఇంట్లో అలాగే అయింది. రెండు రోజుల పాటు టక్, టక్ అని సెకనుకోసారి ఆగకుండా చప్పుడు. మోటారు పోయిందేమోనని టెన్షన్ పడ్డాం. చూస్తే పప్పు గరిటె కాడ కింది బుట్ట సందులోంచి అంగుళం మేర కిందికి దిగి ఉంది. నీళ్లు చిమ్మే రెక్క తిరిగినప్పుడల్లా దానికి కొట్టుకుంటోంది. అందుకే తలుపు వేసే ముందు రెండు రెక్కలనూ చేత్తో ఓసారి తిప్పి చూడండి. స్టీలు గ్లాసులు, గిన్నెలు ఒకదానికొకటి ఆనకుండా పెట్టండి. కుక్కర్ మూతను కదలకుండా నిలబెట్టండి.

ఖాళీగా వేసినా మోత వస్తుంటే అరచేతిని మెషీన్ పక్క రేకుకు గట్టిగా ఆనించండి. శబ్దం తగ్గితే అదరడమే కారణం. మన వంటిళ్లలో ఇది మామూలే. నీళ్లు పారడానికి మేస్త్రీలు నేలకు వాటం పెడతారు, యుటిలిటీ బాల్కనీలో అయితే ఇంకా ఎక్కువ. ఆ వాటం మీద పెట్టిన మెషీన్ మూడు కాళ్ల మీదే నిలుస్తుంది. నాలుగో కాలు గాల్లో ఉండటంతో మోటారు తిరిగినంతసేపూ అదురుతుంది. పైన రసమట్టం పెట్టి, కాళ్ల మరలు తిప్పి సరిచేయండి. ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్ అయినా చాలు. తర్వాత వాషింగ్ మెషీన్ కింద వేసే రబ్బరు ప్యాడ్లు నాలుగు వేయండి, ఐదు వందల లోపే దొరుకుతాయి. నేలలోంచి పక్క గదికి పాకే మోతకు ఇంతకు మించిన మందు లేదు. మెషీన్‌కూ గోడకూ మధ్య వేలెడు సందు వదలండి. డ్రెయిన్ పైపు గోడకు తగులుతుంటే మధ్యలో స్పాంజి ముక్క పెట్టండి.

గుర్రుమనే శబ్దం అయితే ఫిల్టర్ చూడండి. కరివేపాకు ఈనెలు, అన్నం మెతుకులు అడ్డుపడితే పంపుకు నీళ్లు సరిగా అందక గాలి పీల్చి గుర్రుమంటుంది. గిన్నెలను ముందే సబ్బుతో తోమి, నురుగు పోకుండానే లోపల పెట్టినా అంతే. ఫిల్టర్ కడిగాక బిగుతుగా తిప్పి లాక్ చేయండి. వదులుగా ఉంటే చింతగింజ లాంటిది జారి డ్రెయిన్ పంపులో పడుతుంది, అప్పుడు నీళ్లు బయటికి తోసే ప్రతిసారీ గరగరమంటుంది. నీళ్లు తీసుకోవడం ఆగగానే గోడలో ధబ్‌మంటే అది పైపులో నీటి దెబ్బ, అంటే వేగంగా వస్తున్న నీళ్లు ఒక్కసారిగా ఆగి పైపును అదరగొట్టడం. గోడకున్న ట్యాపును కొద్దిగా తగ్గించండి. మరీ తగ్గిస్తే నీళ్లు చాలడం లేదని మెషీన్ ఆగిపోతుంది.

ఇవన్నీ చేశాకే కార్ల తలుపులకు వేసే తారు షీట్ల గురించి ఆలోచించండి. కారు యాక్సెసరీస్ షాపుల్లో ఉంటాయి. ప్లగ్గు తీసి, నీళ్లు కట్టేసి, పక్క రేకుల లోపలి వైపు అతికిస్తే రేకు బరువెక్కి మోగడం తగ్గుతుంది. వారంటీ ఉన్న మెషీన్‌కు మాత్రం మర విప్పకండి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నా: మోటారు చుట్టూ, అడుగున గుడ్డలు, థర్మాకోల్ కుక్కవద్దు. వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లు లీకైతే మెషీన్‌ను ఆపే ఫ్లోట్ స్విచ్ చాలా మోడళ్లలో అడుగునే ఉంటుంది, గుడ్డ అడ్డం పడితే అది పనిచేయదు.

ప్రశ్న: విజయవాడలో కొత్తది కొనబోతున్నాం. 44 డెసిబెల్స్ మోడల్‌కూ 50 డెసిబెల్స్ మోడల్‌కూ ధరలో బాగా తేడా ఉంది. అంత పెట్టొచ్చా?

జవాబు: మీ వంటింటికి తలుపు ఉంటే అవసరం లేదు. హాల్లో కలిసిపోయిన ఓపెన్ కిచెన్ అయితే పెట్టండి. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. పది పెరిగితే మన చెవికి శబ్దం సుమారు రెట్టింపు అనిపిస్తుంది, కాబట్టి ఆరు తేడా స్పష్టంగానే తెలుస్తుంది. ఐరోపాలో 2021 మార్చి నుంచి డిష్‌వాషర్లకు వాడుతున్న ఎనర్జీ లేబుల్‌లో శబ్దానికీ తరగతులున్నాయి: 39 డెసిబెల్స్ లోపు ఎ, 45 లోపు బి, 51 లోపు సి, ఆపైన డి. అంటే మీరు చూస్తున్నవి బి, సి తరగతులు. ఆ లేబుల్ మీద అంకె ఎకో ప్రోగ్రామ్‌లో కొలిచింది. కడాయిలకు వేసే ఇంటెన్సివ్‌లో పంపు గట్టిగా కొడుతుంది కాబట్టి ఇంట్లో అంతకన్నా ఎక్కువే వినిపించవచ్చు.