పెళ్లినాటి వీహెచ్‌ఎస్ క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎడిట్ చేసుకోవాలంటే ఏం కావాలి?

మీ అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్లు రెండు ఉన్నాయని, అందులో ఒకటి కర్నూలు వరదల్లో తడిసిందని, రెండింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి అరగంట వీడియోగా కుదించడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పమని అడిగారు. మాదీ కర్నూలే. మా ఇంటి క్యాసెట్లతో పాటు బంధువుల ఇళ్లలోవి కూడా కొన్నేళ్లుగా నేనే ఎక్కిస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: సాఫ్ట్‌వేర్ గురించి చివరన ఆలోచించినా నష్టం లేదు. ముందు చూడవలసింది టేపు, ఆ తర్వాత దాన్ని ఆడించే మెషీన్ అయిన వీసీఆర్. ఎడిటింగ్ నచ్చకపోతే మళ్లీ చేసుకోవచ్చు గాని, ముప్పై ఏళ్ల నాటి టేపు రెండోసారి కూడా ఇదే శుభ్రతతో ఆడుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి బాగా ఆడిన ఆ ఒక్కసారే దాన్ని పూర్తి నాణ్యతతో పట్టుకోవాలి.

తడిసిన క్యాసెట్టును మాత్రం దయచేసి ఇప్పుడే ఏ మెషీన్‌లోనూ పెట్టకండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచినప్పుడు మా బీరువా కింది అర కూడా మునిగింది. వచ్చింది ఒట్టి నీరు కాదు, ఒండ్రు కలిసిన నీరు. ఆరిపోయాక ఆ ఒండ్రు టేపు చుట్ల అంచుల మీద సన్నని పొడిగా మిగిలిపోతుంది. అది వీసీఆర్‌లోకి చేరితే, నిమిషానికి 1500 చుట్లు తిరిగే డ్రమ్ము మీద ఉండి టేపులోని బొమ్మను చదివే హెడ్లను గీరేస్తుంది, టేపు మీద కూడా పొడుగునా గీతలు పడతాయి. క్యాసెట్టు అడుగున ఐదు స్టార్ స్క్రూలు ఉంటాయి. వాటిని విప్పి, అడుగు భాగం కిందికే ఉండేలా మెల్లగా తిప్పి, పై డొప్పను పైకి ఎత్తండి. లోపల రెండు రీళ్లు, టేపును నడిపించే చిన్న రోలర్లు, రీళ్లు వాటంతటవి తిరగకుండా ఆపే ఒక స్ప్రింగు ముక్క కనిపిస్తాయి. ఏదీ కదిలించకముందే ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, టేపు ఏ రోలరు పక్కనుంచి వెళ్తోందో తర్వాత గుర్తుండదు. మెత్తని పొడి బ్రష్‌తో అంచుల మీది మట్టిని దులిపి, రీలును చేత్తో నాలుగు చుట్లు తిప్పి చూడండి. పొర మీది పొర సులువుగా విడివడుతుంటే, పనికిరాని ఒక పాత క్యాసెట్టును విప్పి, దాని శుభ్రమైన డొప్పలోకి మీ రీళ్లను మార్చి, నూలుపోగులు రాలని బట్ట మీదుగా టేపును ఓపికగా ఒక రీలు నుంచి ఇంకో రీలుకు చుట్టవచ్చు. పొరలు అతుక్కుని ఉంటే మాత్రం అక్కడితో ఆపేయండి. లాగితే టేపు మీది గోధుమరంగు పూత ఊడి, అడుగున గాజులాంటి ప్లాస్టిక్ బయటపడుతుంది. పూత ఊడిన మేర బొమ్మ పోయినట్టే, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అలాంటి టేపును వృత్తిగా ఈ పని చేసేవారి చేతికే ఇవ్వడం మేలు. ఆరబెట్టాలని ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ వాడడం అసలే వద్దు. మన ఊరి మే నెల ఎండకు డొప్పే వంకర తిరుగుతుంది.

రెండో క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి పొడి గాని, వలయాలు గాని కనిపిస్తే అది బూజు. మన పొడి వాతావరణంలో తక్కువే గాని, చెమ్మ గోడకు ఆనించిన బీరువాల్లో పడుతుంది. బూజు పట్టిన టేపును మెషీన్‌లో పెడితే ఆ బూజు తర్వాత పెట్టే టేపుకు కూడా అంటుకుంటుంది.

ఇక మెషీన్ విషయం. చిట్టచివరి వరకూ వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది కాబట్టి, పాతదే వెతుక్కోవాలి. రికార్డింగ్ అవసరం లేదు గనుక మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్న వీసీపీ (ప్లే మాత్రమే చేసే మెషీన్) అయినా సరిపోతుంది. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ఇక్కడే పెట్టండి: పాత టీవీలు బాగుచేసే మెకానిక్ ఎవరైనా బెల్టు, రబ్బరు రోలరు మార్చి, హెడ్డు శుభ్రం చేసి ఇచ్చిన మెషీన్ ముందు ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ నిలవదు. హెడ్డును తుడవడానికి చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు వాడనివ్వకండి, ఆ పోగులు హెడ్డుకు చిక్కుకుంటాయి. మెషీన్ రాగానే ముందుగా పోయినా బాధ లేని ఏదో ఒక క్యాసెట్టును పూర్తిగా ఆడించి చూడండి. మీ క్యాసెట్టు వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచి లేకపోతే విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఏమీ కాదు. ఏళ్ల తరబడి కదలని టేపు బిగుతు సమానం కావడానికి చివరిదాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిప్పి, ఆ తర్వాతే ప్లే చేయండి.

వీసీఆర్ నుంచి వచ్చే పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు పిన్ను శబ్దానికి. వీటిని, ఆ సిగ్నల్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుకు కలపాలి. కార్డుతో వచ్చే సీడీని పక్కన పెట్టి, ఉచితంగా దొరికే వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. చాలా కార్డులు మొదట అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి, అందుకే బొమ్మ నలుపు తెలుపుల్లో దొర్లుతూ కనిపిస్తుంది. దాన్ని మన దేశపు పద్ధతి అయిన పాల్-బీకి మార్చి, సైజు 720×576, సెకనుకు 25 ఫ్రేములు, శబ్దం 48 కిలోహెర్ట్జ్ అని పెట్టుకోండి. స్తంభాలు, తలుపు అంచులు పాములా వంకర్లు పోతుంటే మధ్యలో బొమ్మ గీతలను సరిగ్గా వరుసలో పెట్టే టైమ్ బేస్ కరెక్టర్ కావాలి. అది ఖరీదైన వస్తువు. దానికి బదులు కొన్ని పాత పానాసోనిక్ డీవీడీ రికార్డర్ల గుండా సిగ్నల్‌ను పంపితే చాలావరకు సరిపోతుంది.

ఆ కాలపు పెళ్లి వీడియోలకు ప్రత్యేకమైన సమస్య ఒకటుంది. లైటు పట్టుకునే కుర్రాడు హాలోజన్ దీపాన్ని సరాసరి పీటల మీదికి వేసేవాడు. పెళ్లికొడుకు పంచె, నుదుటి బాసికం, పురోహితుడి ఉత్తరీయం అన్నీ కలిసి ఒకే తెల్లటి మచ్చగా కనిపిస్తాయి. చాలాసార్లు టేపులో ఆ మడతలు ఉంటాయి, క్యాప్చర్ కార్డే వాటిని కోసేస్తుంది. ఎక్కించడానికి ముందే అలాంటి చోట టేపును ఆడిస్తూ, వర్చువల్‌డబ్‌లో హిస్టోగ్రామ్ (బొమ్మలో చీకటి ఎడమకు, వెలుగు కుడికి చూపే గ్రాఫు) తెరిచి, అది కుడివైపు గోడకు గుద్దుకోకుండా కార్డు బ్రైట్‌నెస్, కాంట్రాస్టులను తగ్గించండి. మా చిన్నాయన పెళ్లి టేపులో ఇలా తగ్గించాకే పంచె జరీ అంచు బయటపడింది. ఒకసారి కోసుకుపోయిన తెలుపును ఎడిటింగ్‌లో తగ్గిస్తే బూడిద రంగు వస్తుందే తప్ప మడతలు రావు.

కుదించకుండా ఎక్కిస్తే గంటకు దాదాపు 75 జీబీ పడుతుంది. హఫ్‌వైయూవీ అనే కోడెక్‌తో (వీడియోను కుదించే పద్ధతితో) నాణ్యత ఏమీ పోకుండానే అది సుమారు 30 జీబీకి వస్తుంది. డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి, ఫ్యాట్32 అయితే 4 జీబీకి మించి ఒక ఫైలు పట్టదు. వీసీఆర్‌కూ కంప్యూటర్‌కూ యూపీఎస్ తప్పనిసరి. టేపు డ్రమ్ముకు చుట్టుకుని ఉండగా కరెంటు పోతే అది అలాగే ఇరుక్కుపోతుంది, ఇటు ఫైలూ సగంలో చెడిపోతుంది.

ఈ మొదటి ఫైలును ముట్టుకోకుండా దాచి, దాని నకలు మీదే ఎడిటింగ్ చేయండి. వీహెచ్‌ఎస్ బొమ్మలో బేసి గీతలు ఒకసారి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాత ఒకసారి వస్తాయి. అందుకే తలంబ్రాలు పోసే చేతుల వంటి కదలికలు కంప్యూటర్ తెర మీద దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ (ఆ గీతలను విడదీసి పూర్తి బొమ్మలుగా మార్చడం) కింద బాబ్ అనే ఎంపికతో సెకనుకు 50 ఫ్రేముల నకలు తీసుకుంటే ఆ చీలిక పోతుంది, కదలిక సాఫీగానూ ఉంటుంది. 25కే తీసుకుంటే సగం కదలిక వదులుకున్నట్టే. ఆ నకలును షాట్‌కట్, కేడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకదానిలో కత్తిరించుకోండి, రెండూ ఉచితమే, మీ అవసరానికి రెండూ చాలు. శబ్దం ఒక్క చెవిలోనే వినిపిస్తే ఎడమ చానల్‌ను రెండు వైపులకూ కాపీ చేయండి. బొమ్మ అడుగున గిలగిలలాడే నాలుగు గీతలు మెషీన్ హెడ్డు మారేటప్పుడు పడేవి, వాటిని నల్లటి పట్టీతో కప్పేస్తే చాలు, బొమ్మను పెద్దది చేయనక్కర్లేదు. కొత్త టీవీకి నిండుగా ఉండాలని 4:3 బొమ్మను 16:9కి సాగదీస్తే మీ అమ్మానాన్నల ముఖాలు వెడల్పవుతాయి. పక్కల నలుపు ఉండనిచ్చి, హెచ్.264లో ఎంపీ4గా ఎగుమతి చేస్తే ఫోన్లలోనూ, టీవీలోనూ ఆడుతుంది.