ఫ్యాక్టరీలో కట్టిన ఇల్లు దింపే ముందు స్థలంలో ఏం చేయాలి?
అమెరికాలో మాన్యుఫాక్చర్డ్ హోమ్ కొనేవాళ్లు చాలామంది ముందు ఇల్లు బుక్ చేసి, తర్వాత పర్మిట్ల కోసం తిరుగుతారు. ముందు కౌంటీ ఆఫీసులో అడగండి: ఆ స్థలంలో ఇలాంటి ఇంటికి జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే లోకల్ రూల్స్) ఒప్పుకుంటుందా? 1976 జూన్ 15 నుంచి తయారైన ఇళ్లకు ఫెడరల్ హౌసింగ్ శాఖ (హెచ్‌యూడీ) ప్రమాణాలున్నాయి గానీ, పునాది, కరెంటు, నీళ్ల పర్మిట్లు లోకల్‌గా తెచ్చుకోవాల్సిందే.

మురుగు లైను లేకపోతే సెప్టిక్ ట్యాంకే గతి. దాని నీళ్లను ఆ నేల పీల్చుకుంటుందో లేదో తెలియడానికి చాలాచోట్ల గుంత తవ్వి నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూస్తారు. ఈ టెస్టు స్థలం కొనకముందే చేయించుకోవడం మేలు. చదును చేశాక వాలు ఇంటి నుంచి బయటికుండాలి: మొదటి 10 అడుగుల్లో అడుగుకు అర అంగుళం.

అన్నట్టు, దారి కూడా చూసుకోండి. ఇల్లు వచ్చేది ట్రక్కు వెనకాల. మలుపులో ఒక్క కొమ్మ అడ్డొచ్చినా ఆ రోజంతా టెన్షనే.